అమ్మ పక్క అంచు

ఆ ఏడు జూన్‌లో మా ఊళ్ళో కాటన్‌వుడ్ చెట్ల దూది విపరీతంగా ఎగిరింది. గాలి లేని పూట కూడా ఎక్కణ్ణుంచో ఊడి, తొందరేమీ లేనట్టు తేలుతూ పోయేది. పాలకొట్టం కిటికీలకు తెరలు బిగించినా లోపలికి వచ్చేది. బొంత మీద వాలిన పింజను ఉఫ్‌మని ఊదేసి మళ్ళీ మిషను నడిపేదాన్ని.

పాలకొట్టం అంటే ఒకప్పటి మాట. ఆవుల్ని అమ్మేశాక గోడలకు తెల్లరంగు వేయించి నా పెద్ద మిషను అందులో పెట్టుకున్నాను. పన్నెండడుగుల బల్ల, దానిమీద పట్టాల వెంట అటూ ఇటూ జరిగే మిషను తల, నా వైపు రెండు పిడులు. మూడు కౌంటీల ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి ముక్కా ముక్కా అతికిన పైబట్టలు తెచ్చి నాకిస్తారు. అతకడమంటే వాళ్ళకు సరదా. పైబట్టనీ, నడుమ దూదినీ, అడుగుబట్టనీ కలిపి కుట్టి బొంతగా తేల్చే ఓపిక మాత్రం ఉండదు. ఆ పని నాది. పిడులు పట్టుకుని నిలబడితే మిషను సన్నగా హోరుమంటుంది, సూది వెనకే నా బుద్ధి కూడా ఎటో వెళ్ళిపోతుంది. ఏ మూడింటికో తెలివి వచ్చినట్టయి చూస్తే బొంత నిండా ఈకలూ తీగలూ పరుచుకుని ఉండేవి. ఇదంతా నేనే కుట్టానా అనిపించేది.

మా అమ్మ ఆర్డిత్ మాత్రం ఆ గడప తొక్కలేదు. ఉండేది మాతోనే, కింద గదిలో. వంటింటికీ కొట్టానికీ నలభై అడుగులు ఉంటుందేమో. మిషను వచ్చిన ఏడేళ్ళలో ఒక్కసారి అటు వస్తే ఒట్టు.

"అది కుట్టడమా? దున్నడం," అనేది.

"దున్నితేనే కదా అత్తగారూ మనకింత తిండి," అని నా మొగుడు గేలెన్ కెలికేవాడు. మొక్కజొన్న పండించేవాడు, దున్నడాన్ని ఒక్క మాటంటే ఊరుకోడు.

"నువ్వు మట్టిని దున్నుతావు నాయనా. అదేమో బొంతను దున్నుతోంది. ఆ తేడా తెలీని వాళ్ళతో నాకు మాటలేంటి?"

అమ్మకు వారం మొత్తంలో ఉన్నది ఒక్క గురువారం. చర్చి కింది హాల్లో కర్రచట్రం చుట్టూ కూర్చుని ఆడవాళ్ళు చేత్తో బొంత కుడతారు. ఏడాదికి ఒక్కటే. సెప్టెంబరులో దాన్ని వేలం వేసి, వచ్చినదాన్ని దూరదేశాల ఆసుపత్రులకు పంపుతారు. కిటికీ పక్క కుర్చీ యాభై మూడేళ్ళుగా అమ్మది. అంగుళానికి పది కుట్లు వేసేది. గురువారం పొద్దున ఐదింటికే లేచి, ఇస్త్రీ చేసిన జాకెట్టు తొడుక్కుని, సూది గుచ్చుకోకుండా పెట్టుకునే వెండి వేలితొడుగు సంచిలో వేసుకుని, తొమ్మిదింటికి చర్చి స్నేహితురాలు లవాన్ కారు కోసం వరండాలో కూర్చునేది. ఆ ఏడు కూర్చున్నప్పుడు చేతుల్ని తొడల కింద పెట్టుకునేది. వణుకు కనబడకుండా.

ఒక గురువారం మధ్యాహ్నం అమ్మను దింపేసి వెళ్ళిన లవాన్ మళ్ళీ వచ్చింది. ఈసారి కారు కొట్టం వెనక ఆపింది. డెబ్భై దాటిన మనిషి, చర్చిలో కాఫీ దగ్గర నుంచి అంత్యక్రియల భోజనాల దాకా అన్నీ ఆమె చేతిమీదుగా జరగాలి. అలాంటిది గుమ్మంలో నిలబడి చేతిసంచి పిసుకుతోంది.

"మీ అమ్మ పడుకుందా?"

"పడుకుంది. రండి, కూర్చోండి."

"కూర్చోను. నువ్వే ఒకసారి చర్చికి రా, మార్నా. చెబితే బాగోదు, చూస్తేనే అర్థమవుతుంది."

వెళ్ళాను. చర్చి కింది హాలు చల్లగా ఉంది, పాత కాఫీ వాసనేసింది. చట్రం మీద బొంత బిగించి ఉంది, తెలుపూ లేతనీలం ముక్కలు. కిటికీ పక్క అమ్మ కుర్చీలో, బొంత కుట్టేవాళ్ళలో ఇంకొకామె, డార్లిస్ కూర్చుని ఉంది. చేతిలో చిన్న కత్తెర. అమ్మ ఆ పొద్దున వేసిన కుట్లను ఒక్కొక్కటే తెంపి, దారం లాగి ఒళ్ళో పోగేస్తోంది. నన్ను చూసి కత్తెర ఏప్రన్ కింద దాచేసింది.

ఇంకా విప్పని జానెడు మేర కనబడింది. మావాళ్ళు అలాంటి వాటిని కాలివేలు ఇరుక్కునే కుట్లంటారు. పడుకున్నవాళ్ళ బొటనవేలు అందులో దూరిపోయేంత పొడుగు. కొన్ని అడుగుబట్టను అసలు పట్టనేలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఏప్రిల్ నుంచి," అంది లవాన్. "ఆమె వెళ్ళగానే విప్పి మేం కుడుతున్నాం. ఎనిమిది మందిమి ఉండేవాళ్ళం, ఐదుగురం మిగిలాం. కళ్ళు సరిగ్గా కనబడేది ఇద్దరికే. ఇలాగైతే సెప్టెంబరుకి తెమలదు మార్నా. చట్రం దించేసి నీ మిషను మీద పూర్తి చేసివ్వు. ఈ వేసవికి పని ఆపేశామని మీ అమ్మకు నువ్వే ఏదో ఒకటి చెప్పు."

"నేను చెప్పాలా?"

"మాకెవరికి ధైర్యముందే?"

నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ మీదా, ఆ పొడుగు కుట్ల మీదా, ఎందుకో అమ్మ మీద కూడా. పని ఆపేశారంటే అమ్మ ఏమవుతుంది? గురువారం పొద్దున ఐదింటికి లేచి ఎక్కడ కూర్చుంటుంది?

"ఆపడం కుదరదు," అన్నాను. "ఆ కత్తెర ఇటివ్వండి. కళ్ళు కనబడేది ముగ్గురికి అనుకోండి."

అలా జూలై చివరి దాకా మా అమ్మ కుట్లు నేనే విప్పాను. అమ్మకు బట్టల షాపుకి వెళ్ళొస్తానని చెప్పేదాన్ని. ఆ హాల్లో చిన్న కిటికీలోంచి ఎండ పలకలా బల్ల మీద పడి మెల్లగా జరిగేది. ముగ్గురం మాట్లాడుకునేవాళ్ళం కాదు. దారం తెగే చిన్న చప్పుడు, పైన ఎవరో ఆర్గాన్ సాధన చేస్తున్న చప్పుడు. కొన్నిసార్లు అమ్మ వదిలిన పొడుగు దారం వేలికి చుట్టుకుని, ఎక్కడున్నానో మరిచిపోయి కూర్చునేదాన్ని. లవాన్ దగ్గితే ఉలిక్కిపడి సూదిలో కొత్త దారం ఎక్కించేదాన్ని.

నేను చేత్తో సూది పట్టింది అంతకుముందు ఒకే ఒక్క ఏడు, తొమ్మిదేళ్ళప్పుడు. అమ్మ తన పక్కన స్టూలు వేసి నాకో జానెడు చోటిచ్చింది. ప్రాణం పెట్టి కుట్టాను. మరుసటి వారం వెళ్ళి చూస్తే నా చోట నా కుట్లు లేవు, చక్కటి సన్నటి కుట్లున్నాయి. అవి ఎవరివో చెప్పక్కర్లేదు. నేను ఏడిస్తే అమ్మ వెనక్కి కూడా తిరగలేదు. "ఇది అమ్మకానికి పోయే బొంత. నీ ముచ్చట కోసం కాదు," అంది. నేను మళ్ళీ ఆ స్టూలు ఎక్కలేదు.

జూలై చివర్లో ఒక సాయంత్రం ఇద్దరం వరండాలో కూర్చుని బీన్సు తుంచుతున్నాం. ఎండ తగ్గినా వేడి తగ్గలేదు. మొక్కజొన్న మనిషెత్తు దాటి, చేను చేనంతా ఊపిరి తీస్తున్నట్టు సద్దు చేస్తోంది. అమ్మ చేతిలో బీన్సు కాయ గిన్నె అంచుకు టకటకమని తగిలి, అప్పుడు లోపల పడేది. నేను విననట్టు చేను వైపు చూస్తున్నాను.

"పోయిన గురువారం నువ్వొచ్చావు కదూ," అంది అమ్మ.

"ఎక్కడికి?"

"ఎక్కడికట! చర్చికి."

నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"లవాన్ కుట్టు ఎడమకు వాలుతుంది. డార్లిస్‌ది బిగువెక్కువ, బట్ట ముడుచుకుపోతుంది. నెల రోజులుగా నా ముందు ఉంటున్నది ఆ రెండూ కాదు. సన్నగా ఉంటుంది, నాలుగు పడ్డాక ఐదోది కాస్త పొట్టి. నా చేతులు వణుకుతాయి గానీ వేళ్ళు మొద్దుబారలేదే. తొమ్మిదేళ్ళప్పుడూ నువ్వు అంతే కుట్టేదానివి."

"నా కుట్టు నీకు గుర్తుందా?"

"విప్పింది నేనే కదా. కుట్టేటప్పుడు తెలీదు గానీ, విప్పేటప్పుడు మనిషి చెయ్యి బాగా తెలుస్తుంది."

అమ్మ ఇంకో కాయ తీసుకుంది. ఈనె ఊడిరాలేదు. కాసేపు దానితో అవస్థపడి గిన్నెలో వేసేసింది.

"నిజానికి విప్పాల్సినంత చెడ్డవేం కావు అవి," అంది. "కూతురని చూసీ చూడనట్టు వదిలేసిందంటారని విప్పాను."

నలభై ఆరేళ్ళ తర్వాత ఆ మాట విని నాకు ఏడుపు ఆగలేదు. యాభై ఐదేళ్ళదాన్ని, ఒళ్ళో బీన్సు పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. అమ్మ ఓదార్చలేదు, అది ఆమెకు చేతకాదు. గిన్నె మాత్రం నా ఒళ్ళోంచి తీసి తన వైపు జరుపుకుంది.

"విప్పుతున్నారని మొదటి నుంచీ తెలుసా?" అన్నాను ముక్కు తుడుచుకుని.

"మొదటి వారమే తెలిసింది. నేను వదిలిన కుట్లు నాకు తెలీవా?"

"తెలిసీ ఎందుకు వెళ్ళావమ్మా?"

అమ్మ చేను వైపు చూసింది. "గురువారం పూట నేను ఇంకెక్కడికి పోవాలే?"

ఆగస్టు మొదటి గురువారం నన్నూ కారెక్కమంది. లవాన్ అద్దంలోంచి నావైపు అయోమయంగా చూస్తుంటే నేను భుజాలెగరేశాను, నాకూ ఏమీ తెలీదు. హాల్లో అమ్మ తన కుర్చీలో కూర్చుంది కానీ సంచిలోంచి వేలితొడుగు బయటికి తియ్యలేదు.

"నడిమి పని అయిపోయినట్టే," అంది. మా సంఘం పద్ధతి ప్రకారం నడిమి నుంచి మొదలుపెట్టి, నాలుగు పక్కలా వెడల్పాటి తెల్లటి అంచును చివరికి వదులుతారు. "అంచులు మార్నా మిషనుకి ఇచ్చేద్దాం."

డార్లిస్ కాఫీ కప్పు పట్టుకునే ఉండిపోయింది.

"నువ్వేనా ఆర్డిత్ ఆ మాటంటున్నది?" అంది లవాన్. "మిషను కుట్టు చర్చి గడప దాటడానికి వీల్లేదని పాస్టరుతో పోట్లాడింది నువ్వు కాదూ?"

"నేనే. ఇంకోటి కూడా విను. ఏప్రిల్ నుంచి మీరు నావి విప్పుతున్నారు. ఆ మొహాలేంటి, ఎవరో పోయినట్టు? విప్పాల్సినవే, విప్పారు. నలభై ఏళ్ళు మీ అందరివీ నేను విప్పలేదూ?"

"మా అందరివీనా?" లవాన్ గొంతు చిన్నదైపోయింది. "నావి కూడానా?"

"పెళ్ళై వచ్చిన కొత్తలో. రెండేళ్ళు."

"రెండేళ్ళా! దేవుడా! నా కుట్లు చూసి మా అత్త మెచ్చుకుందే ఆ రోజుల్లో!"

"ఆమె మెచ్చుకున్నవి నావి," అంది అమ్మ.

ముందు నవ్వింది డార్లిస్. తర్వాత అందరూ. లవాన్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది, అందులో నవ్వెంతో ఏడుపెంతో నాకు తెలియలేదు. అమ్మ మాత్రం నవ్వలేదు. లేచేముందు కుర్చీ వీపును అరచేత్తో ఒకసారి నిమిరింది. చేతిసంచి తీసుకుని నా వెనకాల మెట్లెక్కింది. యాభై మూడేళ్ళ చోటుని అమ్మ ఒక్క నిముషంలో వదిలేసింది.

మర్నాడు పొద్దున నేను బొంతను బల్లకు ఎక్కిస్తుంటే గుమ్మంలో నీడ పడింది. అమ్మ ఇస్త్రీ జాకెట్టులో ఉంది. శుక్రవారం నాడు!

"ఇదేనా నీ నాగలి?"

"లోపలికి రా అమ్మా. ఇవిగో పిడులు."

"ఎవరు పట్టుకుంటారట?"

"చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎవరైనా పట్టుకోవచ్చు."

చాలాసేపు చుట్టూ తిరిగి చూసింది. పట్టాలను తడిమింది, సూదిని తడిమింది, అడుగున దారపు కండె ఎక్కడుంటుందని అడిగింది. చివరికి ఎవరో బలవంతపెట్టినట్టు మొహం పెట్టుకుని పిడులు పట్టుకుంది. నేను చేతులు కలపబోతే మోచేత్తో నెట్టేసింది. "నా చేతుల మీద చేతులెయ్యకు."

మీట నొక్కాను. మిషను హోరుమంది. అమ్మ ఉలిక్కిపడింది కానీ వదల్లేదు. మూరెడు దూరం వెళ్ళాక ఆపమని, వంగి, గోటితో కుట్లు లెక్కపెట్టింది.

"పదకొండు," అంది. మళ్ళీ లెక్కపెట్టింది. "ఏమే, అంగుళానికి పదకొండు! నా మంచిరోజుల్లో కూడా పది దాటలేదు!"

చెయ్యి వేగంగా పోయినా, నెమ్మదిగా పోయినా, వణికినా, కుట్టు పొడవు మారకుండా చూసుకునే ఏర్పాటు ఒకటి ఆ మిషనులో ఉంది. కుట్లన్నీ సమానంగా పడ్డాయి. కానీ గీత సంగతి దాని చేతిలో లేదు. అమ్మ తిన్నగా వేయాలనుకున్న వరసలు అంచు పొడవునా చిన్న చిన్న వంకరలు తిరుగుతూ పోయాయి. అది అమ్మ అప్పుడే చూసింది.

"కుట్టు బాగానే ఉంది. గీతే తాగినోడి నడకలా ఉంది," అని నవ్వింది. నవ్వుతూనే మళ్ళీ పిడులు అందుకుంది.

నాలుగు పొద్దులు వచ్చింది. కాసేపు నిలబడేది, కాసేపు స్టూలు మీద కూర్చునేది. కిటికీల్లోంచి తెల్లటి వెలుగు, తెల్లటి అంచు, తెల్లటి గోడలు. వాటి మధ్య అమ్మ నీళ్ళలో నడుస్తున్నట్టు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు కదిలేది. ఆ రోజుల్లో మేం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. నా జీవితంలో అమ్మతో అంత హాయిగా ఎప్పుడూ లేను.

నాలుగో రోజు ఒక పక్క పూర్తయింది. అమ్మ దారం తెంపి, వేలితొడుగు సంచిలో వేసుకుంది. ఈ మిషనుకి అది అక్కర్లేదు, అయినా రోజూ తెచ్చుకునేది.

"రేపు దీన్ని విప్పేసి, నాలుగు పక్కలా నువ్వే కుట్టు," అంది నా మొహం చూడకుండా. "అమ్మకానికి పోయే బొంత. నా ముచ్చట కోసం కాదు."

మర్నాడు కుట్లు విప్పే కొక్కెం పట్టుకుని ఆ అంచు ముందు కూర్చున్నాను. విప్పాల్సిందే, ఏ బొంతలోనైనా నేను చేసేది అదే. మొదటి కుట్టు కింద కొక్కెం దూర్చాను కూడా. దూర్చి, చూస్తూ ఉండిపోయాను. బయట కీచురాళ్ళు ఒకటే రొద. వెలుగు ఏటవాలుగా పడుతుంటే ఆ వంకరలన్నీ మెల్లగా కదులుతున్నట్టు అనిపించింది. పొద్దు ఎటు పోయిందో తెలీదు. గేలెన్ భోజనానికి పిలిస్తే కొక్కెం సొరుగులో పడేసి లేచాను.

మిగిలిన మూడు పక్కలూ అమ్మ చెయ్యిలాగే కుట్టాలనుకున్నాను. అనుకున్నంత తేలిక కాలేదు. ఏడేళ్ళుగా తిన్నగా పోవడం నేర్చిన చెయ్యి, వణకమంటే వణకదు. రెండు రోజులు పాతగుడ్డల మీద వంకరలు తిప్పాను. అవి దొంగ వంకరలని చూడగానే తెలిసిపోయేది. మళ్ళీ మళ్ళీ అమ్మ పక్కకు వెళ్ళి వేలితో తడిమాను. మూడు చిన్న అదురులు, తర్వాత జానెడు నెమ్మది. మళ్ళీ మూడు. ఆ నెమ్మది ఊపిరి వదిలినప్పటిదని నాకు కాసేపటికి తట్టింది. అమ్మలా ఊపిరి పీల్చి, అమ్మలా వదులుతూ పిడులు పట్టుకున్నాను. అప్పుడు వచ్చింది. ఒక్కో పక్కకూ బొంతను తిప్పి ఎక్కించి, పన్నెండు రోజుల్లో ముగించాను. అమ్మను ఆ పన్నెండు రోజులూ కొట్టంలోకి రానివ్వలేదు. ఏం చేస్తున్నావని ఆమె కూడా అడగలేదు.

సెప్టెంబరు రెండో శనివారం వేలం. హాల్లో బొంతను ఎత్తున వేలాడదీశారు. కింది అంచు అమ్మ చేతికందేంత దిగువన ఉంది. లవాన్ కళ్ళద్దాలు తుడుచుకుని దగ్గరికొచ్చింది.

"ఈ అంచు కుట్టు ఎప్పుడూ చూళ్ళేదు మార్నా. ఇదేం అల్లిక?"

నేను నోరు తెరిచేలోపు అమ్మ అంది, "మన ప్లాట్ నది. ఆగస్టులో నీళ్ళు తగ్గి ఇసుక మధ్య పాయలు పాయలుగా పోతుందే, అది."

"అవునే! అచ్చం అదే," అని లవాన్ అందరికీ చెప్పడానికి వెళ్ళిపోయింది.

అమ్మ కింది అంచు మీద వేళ్ళు పెట్టి ఈ మూల నుంచి ఆ మూలకు నడిచింది. పక్క అంచు అందినంత మేర తడిమింది. అటుపక్కకు వెళ్ళి అదీ తడిమింది. మళ్ళీ మొదటికి వచ్చింది. ఆమె నుదురు ముడిపడింది.

"విప్పేశావా?"

"లేదమ్మా."

"మరి నా పక్క ఏదే?"

నాకు తెలుసు. పైన, చెయ్యందని ఎత్తులో ఉన్న అంచే అది. "ఏమో, నాకూ గుర్తులేదు," అన్నాను.

అమ్మ నన్ను పరీక్షగా చూసింది. నేను తొమ్మిదేళ్ళప్పుడు ఏడుస్తుంటే తిరగని ఆ మొహం ఇప్పుడు పూర్తిగా నావైపు తిరిగి ఉంది. కళ్ళలో నీళ్ళు నిండాయి, తుడుచుకోలేదు.

"అబద్ధాలకోరు," అంది.

బొంతను వేలంలో ఎవరో పక్క ఊరివాళ్ళు పాడుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు గేలెన్ నెమ్మదిగా బండి నడిపాడు. కోతకొచ్చిన చేలు రెండు పక్కలా పసుపుపచ్చగా వెనక్కి పోతున్నాయి. అమ్మ చేతులు తొడల కింద లేవు, ఒళ్ళో ఉన్నాయి, వాటి మానాన అవి వణుకుతున్నాయి. నిద్రపోయిందనుకున్నాను.

మలుపు తిరిగి మా కొట్టం కనబడగానే కళ్ళు తెరిచింది.

"గురువారం నీ నాగలి దగ్గరికి ఎన్నింటికి రావాలే?" అంది. "తొమ్మిదికా? ఇంకా ముందా?"